గురువారం ఏడింటికి, పెద్దలకు మాత్రమే

నలుగురు చూస్తుండగా "ఇది నాకు తెలియదు, చెప్పండి" అని మీరు చివరిసారిగా ఎవరిని అడిగారు?

జవాబుకు తొందరపడనక్కర్లేదు. డిగ్రీ చదివిన మూడేళ్ళూ డిబేట్ వేదికలెక్కి ఎంతోమందిని ప్రశ్నలతో నిలదీసిన నేను, ఈ ప్రశ్న దగ్గర ఇప్పటికీ తడబడతాను. మాకు అక్కడ నేర్పిన విద్య వేరు. ఎదుటివాడి దగ్గర జవాబు లేదని ముందే రూఢి చేసుకుని, ఆ తర్వాతే ప్రశ్న వేయాలి. నిజంగా తెలియక అడిగే ప్రశ్నకు కూడా ఒక చోటూ ఒక వేళా కావాలని, వాటిని ఎవరో ఒకరు పూనుకుని ఏర్పాటు చేయాలని నాకు చూపించింది నూజివీడులో ఒక చిన్న మ్యూజియం అటెండరు. ఆయన ఈ ఏడు మామిడి పిందె కట్టే రోజుల్లో పోయారు. కోతలు మొదలైన తర్వాత గాని నాకు ఆ సంగతి తెలియలేదు.

పేరు రాయను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ కాగితం మీదా తన పేరు కనబడకుండా ఉంటే చాలని ఆయన కోరుకున్నారు. పోయిన తర్వాత ఆ కోరిక చెల్లదని వాదించడం నాకు సులభమే. వాదించను.

మ్యూజియం అంటే పెద్ద ఊహ వద్దు. పాత జమీందారీ భవనంలో ఒక మూల రెండు గదులు. ఒక పల్లకి, గోడకు నాలుగు కత్తులు, ముక్కు విరిగిన రాతి విగ్రహం, అద్దాల పెట్టెల్లో తవ్వకాల్లో దొరికిన మట్టి పాత్రలు, గడ్డి కూరిన ఒక దుప్పి. పదిన్నర నుంచి అయిదు దాకా తెరిచి ఉంచాలి. శుక్రవారం సెలవు. నెలకొకసారి జిల్లా కేంద్రం నుంచి ఆఫీసరు గారు వచ్చి, రెండు గదులూ చుట్టి, కాఫీ తాగి వెళ్ళేవారు. మిగిలిన రోజులన్నిటికీ ఆయన ఒక్కరే దిక్కు.

నేను మొదటిసారి వెళ్ళింది అయిదు కావస్తుండగా. ప్రాచీన సంపద ప్రజల ఉమ్మడి ఆస్తి అనే అంశం మీద మాట్లాడవలసి ఉంది, నాకు నాలుగు ఉదాహరణలు కావాలి. ఆయన కిటికీలు మూస్తున్నారు.

"ఇంకా పది నిమిషాలుందండీ," అన్నాను.

"ఉంది బాబూ. కిటికీలకి పది నిమిషాలు పడద్ది."

నాకు ఉదాహరణ అక్కడే దొరికింది. "మరి పొద్దున్నే పనికి పోయి దీపాలవేళకు ఇల్లు చేరేవాళ్ళు దీన్ని ఎప్పుడు చూడాలి?" అని అడిగాను. ఆయన దగ్గర జవాబు ఉండదని నా ధీమా.

"గురువారం ఏడింటికి రండి," అన్నారు, కిటికీ గడియ మీద నుంచి చెయ్యి తీయకుండానే. "పిల్లల్ని తేకండి."

"నాకు పిల్లలేంటండీ?"

"తమ్ముళ్ళుంటారుగా. పెద్దోళ్ళకి మాత్రమే బాబూ."

పిల్లలను బయట ఉంచడం ఏ న్యాయమని నిలదీశాను. ఆయన గడియ వేసి, ఇటు తిరిగి, చాలా ఓపికగా చెప్పారు.

"పగలంతా వాళ్ళదేగదండీ. మేస్టారు బెత్తం పట్టుకుని వరసలో నడిపించుకుపోతాడు. పెద్దోళ్ళు పిల్లల్తో వస్తే ఏం చూస్తారు? అది ముట్టుకోకు, ఇటు రా, అటు పోకు, దాంతోటే సరిపోద్ది. అదొక్కటే కాదు. పిల్లల ముందు పెద్దోళ్ళు ఏదీ అడగరు బాబూ. అడిగితే, మా అమ్మకి తెలీదు, మా నాన్నకి తెలీదు అని వాళ్ళకి తెలిసిపోద్ది."

దీనికి ఖండన నా దగ్గర లేదు. ఉన్నట్టు తలాడించి వచ్చేశాను.

గురువారం వెళ్ళాను. వేసవి. లో ఓల్టేజీకి రెండు బల్బులు పండుటాకు రంగులో వెలుగుతున్నాయి. మూల పెట్రోమాక్స్ లైటు ఒకటి బుస్సుమంటోంది. మెట్ల దగ్గర పాతికమంది దాకా ఉన్నారు, ఎక్కువమంది ఆగిరిపల్లి వైపు తోటల్లో కోత ముగించుకుని ట్రాక్టరు మీద వచ్చిన కూలీలు. మామిడి కోతకు పోయిన చేతిని ఎక్కడైనా గుర్తుపట్టవచ్చు. తొడిమ తెగినప్పుడు చిమ్మిన సొన ముంజేతుల మీద పొక్కులుగా లేచి, అరచేతుల్లో నల్లగా అట్టగడుతుంది. ఆయన గుమ్మం దగ్గర కిరసనాయిలు సీసా, పాత గుడ్డ పెట్టి, "చేతులు తుడుచుకుని రండమ్మా, ఇల్లు కాదుగా, మ్యూజియం," అంటున్నారు. "ఇల్లయితే అసలు రానిచ్చేవోళ్ళా?" అని ఎవరో అంటే అందరికంటే ముందు ఆయనే నవ్వారు.

తాళం తీసే ముందు తలుపు మీద రెండుసార్లు తట్టారు. లోపల ఎవరూ లేరని తెలుసు. తాళం వేసింది ఆయనే. ఎందుకని అడిగితే, "వందల ఏళ్ళవాళ్ళండి వాళ్ళు. చెప్పకుండా లోపలికి పోతే బాగుంటదా?" అన్నారు. ఆ మ్యూజియంలో ఉన్న ప్రతి వస్తువునూ ఆయన 'వాళ్ళు' అనే అనేవారు. వేలుపెట్టి చూపించేవారు కాదు, గడ్డంతో చూపించేవారు.

'పెద్దలకు మాత్రమే' అనే మాట ఊళ్ళో పాకి, సినిమా హాలు దగ్గర తిరిగే కుర్రవాళ్ళు నలుగురు కూడా వచ్చారు ఆ రోజు. దుప్పి ముందు నిలబడి దిక్కులు చూశారు. "ఏంటి తాతా, ఇంతేనా?" అన్నాడొకడు. "ఇంతే నాయనా. టికెట్టు లేదుగా, ఏడవకు," అన్నారు ఆయన. వాళ్ళలో ఇద్దరు తర్వాత వారం కూడా వచ్చారు. ఎందుకొచ్చారని ఆయన అడగలేదు.

ఆయన చెప్పే పద్ధతి విచిత్రమైనది. ముందుగా ఏమీ చెప్పరు. ఎవరైనా అడిగేదాకా గోడకు ఆనుకుని నిలబడతారు. అడిగితే, జవాబివ్వకుండా ఆ ప్రశ్నను గదంతా వినబడేటట్టు మళ్ళీ ఒకసారి చెబుతారు. ఒకామె మట్టి పాత్ర అడుగున ఉన్న నల్లటి మరక చూసి, "ఇది మాడిందయ్యా. అన్నం మాడిందా, పప్పు మాడిందా?" అని గొణిగింది. ఆయన గొంతెత్తి, "ఈ అమ్మ అడుగుతోంది, మాడింది అన్నమా, పప్పా అని!" అన్నారు. గదిలో ఉన్నవాళ్ళంతా అద్దం చుట్టూ మూగారు. అప్పట్లో వరి ఎక్కడిది, జొన్న అయ్యుంటదని ఒకరు, పప్పే అలా అంటుకుంటదని ఇంకొకరు. "ఎవతె మాడ్చిందో గానీ, ఆ రోజు దాన్ని ఎన్ని తిట్టారో," అని మరొకామె నిట్టూర్చింది. ఆ పాత్ర కింద ఉన్న అట్టముక్క మీద కాలం రాసి ఉంది, దొరికిన చోటు రాసి ఉంది. అది ఒకప్పుడు పొయ్యి మీద ఉన్న సంగతి అంతకుముందు రెండుసార్లు చూసిన నాకు తట్టలేదు.

తనకు తెలియకపోతే, "నాకు అక్కడిదాకే తెలుసు," అనేవారు. అని, కండువా కొసన ఒక ముడి వేసుకునేవారు. వారమంతా ఆ ముడులతోనే తిరిగి, మా హిస్టరీ లెక్చరరు గారినో, దారినపోయే మరో చదువుకున్నవాణ్ణో ఆపి అడిగి, జవాబు దొరికితే ముడి విప్పుకునేవారు. నన్నూ రెండుమూడుసార్లు ఆపారు. తెలియదని చెప్పలేక, ఏదో ఒకటి కల్పించి చెప్పాను. ఆయన నా ముఖం చూసి, ముడి అలాగే ఉంచుకున్నారు.

అందరూ చూడటానికే రాలేదు. పొద్దు పొడవక ముందు నుంచి చెట్ల కింద ఉన్నవాళ్ళు, ఆ మందపాటి గోడల చల్లదనానికి చతికిలబడి, అయిదు నిమిషాల్లో నిద్రపోయేవారు. వాళ్ళను లేపబోతే నన్ను వారించారు. "ఉండనీండి బాబూ. కళ్ళు మూసుకున్నా వచ్చినట్టే." ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు కూడా మూతలు పడుతూనే ఉండేవి. రిటైర్మెంటుకు రెండేళ్ళున్న మనిషి. పగలు ఉద్యోగం, రాత్రి ఈ పని, అద్దాల మీద పడిన వేలిగుర్తులు తుడవడానికి మర్నాటి సెలవు. గురువారమే ఎందుకు ఎంచుకున్నారో నాకు అప్పుడు అర్థమైంది.

ఇంతమందిలోకీ నాకు బాగా గుర్తున్నది రత్తమ్మ. ఆగిరిపల్లి తోటల్లో కోత ముఠాకు పెద్ద, నోరు పెద్ద. ఒక గురువారం ఆమె పల్లకి చుట్టూ మూడుసార్లు తిరిగింది.

"మా మామ వాళ్ళ నాయన ఇట్టాంటివి మోసేవోడంట. ఇదేనేమో కూడా," అంది. తర్వాత ఆయనను అడిగింది. "లోపల కూర్చున్నోళ్ళకి మోసేవోళ్ళు కనపడేవోళ్ళా తాతా?"

ఆయన ఆ ప్రశ్నను గదికి చెప్పారు. అందరూ పల్లకి వైపు తిరిగారు. ఆయన కండువా కొస పట్టుకుని, మళ్ళీ వదిలేశారు. "దీనికి ఎవర్నో అడగటం ఎందుకమ్మా? కూర్చుని చూడు."

"నేనా?"

"నువ్వే. అడిగింది నువ్వేగా."

"అబ్బో, విరిగిందంటే నా ముఠా అంతా అమ్మినా రాదు," అంది గాని, అప్పటికే చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది. పల్లకి పక్క కొయ్యను అరచేత్తో పట్టుకుని, లోపలికి జరిగి, పరుపు మీద కూర్చుంది. ఆయన తెర దించారు. నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి చూస్తున్నారు.

తెర వెనక నుంచి ఆమె గొంతు వచ్చింది. "ఏం కనపట్టంలేదు తాతా. మెత్తగా మాత్రం ఉంది."

అందరూ నవ్వారు. నవ్వు తగ్గిన తర్వాత కూడా ఆమె వెంటనే దిగలేదు. ఆయన తొందరపెట్టలేదు. దిగేటప్పుడు ఆమె మొహంలో నవ్వు లేదు. వెయ్యి మాటలతో నేను కట్టిన ఉపన్యాసం ఆ రెండు వాక్యాల ముందు ఎందుకూ పనికిరాదని నాకు తెలిసీ, దాన్నే పోటీలో చదివి మొదటి బహుమతి తెచ్చుకున్నాను.

ఆ కొయ్య మీద సొన మచ్చ పడింది. పాత వార్నిష్, ఎంత తుడిచినా పూర్తిగా పోలేదు. తర్వాతి సోమవారం ఆఫీసరు గారు వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"ఇదేంటయ్యా, ఈ నలుపు?"

"తుడుస్తానండి."

"ఏంటని అడుగుతున్నాను."

"మామిడి సొనలా ఉందండి. తుడుస్తానండి."

"మ్యూజియంలోకి సొనెట్లా వచ్చింది?"

"నూజివీడు గదండీ. ఈ రోజుల్లో గాలి కూడా జిడ్డే."

ఆఫీసరు గారు నవ్వేశారు. "సరే, తుడువు. పల్లకి జాగ్రత్త," అని గుమ్మం వైపు తిరిగారు. అంతే. అయిపోయింది. అటెండరు గారి పద్ధతే అది, అడిగినదానికి జవాబు చెప్పకుండా గుడ్డ తీసుకోవడం. దాన్ని నేను పిరికితనం అనుకున్నాను.

"ఒక్క నిమిషం సార్," అన్నాను.

గురువారాల గురించి చెప్పాను. గర్వంగా చెప్పాను. "ఏ గురువారాలు?" అని ఆఫీసరు గారు అడుగుతున్నప్పుడు, కొయ్య మీద ఆయన చేతిలో గుడ్డ ఆగిపోవడం చూశాను. "బాబూ, పోనీండి," అన్నారు, చాలా మెల్లగా. నేను పోనివ్వలేదు.

"అనుమతి ఎవరిచ్చారు?" అన్నారు ఆఫీసరు గారు.

"నిషేధం ఎవరు విధించారు సార్? అయిదు దాకా తెరిచి ఉంచాలని ఉంది. అయిదు తర్వాత తెరవకూడదని ఎక్కడుంది?"

"ఏదన్నా పోతే బాధ్యత ఎవరిది?"

"ఇన్నాళ్ళలో ఏం పోయింది సార్?"

ఆఫీసరు గారు చెడ్డవారు కాదు; ఆ సంగతి నేను ఈనాటికీ నమ్ముతాను. "నిజమేనయ్యా. ఎక్కడా లేదు," అని ఒప్పుకుని, జేబులో కలం సర్దుకుని వెళ్ళిపోయారు. వేదిక అయితే చప్పట్లు మోగేవి. నేను విజయంతో అటెండరు గారి వైపు తిరిగాను. ఆయన మచ్చ తుడుస్తున్నారు.

వారం తిరక్కుండా కాగితం వచ్చింది. సాయంత్రం అయిదు తర్వాత ఏ కారణం మీదా తలుపులు తెరవరాదు. కింద సంతకం, ముద్ర.

ఆ గురువారం ఏడింటికి వెళ్ళేసరికి ఆయన దాన్ని మైదా జిగురుతో తలుపుకు అంటించి, మెట్ల మీద నిలబడి ఉన్నారు. కూలీలు ట్రాక్టరు దిగుతున్నారు.

"మీరు చదవండి బాబూ," అన్నారు. "నేనైతే కూడబలుక్కుంటాను. ఏదో దాస్తున్నానని అనుకుంటారు."

చదివాను. స్పష్టమైన ఉచ్చారణకు నాకు బహుమతులున్నాయి. చివర నిలబడ్డవాళ్ళకు కూడా ప్రతి అక్షరం వినబడింది.

"అంటే ఇంక రావొద్దనా?" అంది రత్తమ్మ.

"రావొద్దని కాదు. అయిదు లోపల రమ్మని."

"అయిదు లోపల మేం తోటలో ఉంటాంగా."

ఆమె తన అరచేతిని తిప్పి చూసుకుంది. "నా చెయ్యి వల్లేగా," అంది, ఎవరితోనూ కాకుండా. కాదు, నా నోటి వల్ల అని చెప్పవలసిన క్షణం అది. పద్ధెనిమిది సభల్లో పద్ధెనిమిది వందల మంది ముందు తొణకని నేను, పాతికమంది ముందు ఆ ఒక్క మాట అనలేకపోయాను.

అందరూ వెళ్ళాక ఆయన మెట్ల మీద కూర్చున్నారు. నేను క్షమాపణ లాంటిదేదో మొదలుపెట్టాను. వాక్యం బాగా కట్టబోయాను, అందుకే అది ముగియలేదు. ఆయన వినడం ఆపి అన్నారు: "మీరడిగినదానికి ఆఫీసరు గారి దగ్గర జవాబు లేదు బాబూ. మీరే గెలిచారు. జవాబు లేనోడి చేతిలో పెన్ను ఉంటే ఇంతే. ఇన్నాళ్ళూ ఈ కాగితం లేదు."

కోపం లేదు ఆ గొంతులో. అలసట ఉంది. కోపమే ఉంటే నేను దానితో వాదించి ఉండేవాణ్ణి.

ఆ తర్వాత రెండేళ్ళు, రిటైరయ్యేదాకా, ఆయన గురువారం ఏడింటికి వచ్చి ఆ మెట్ల మీద కూర్చునేవారు. తలుపు తీయకూడదు, అంతేగా. వచ్చినవాళ్ళకు మూసిన తలుపు వైపు గడ్డం చూపిస్తూ, లోపల ఎవరెవరు ఎక్కడెక్కడ ఉన్నారో చెప్పేవారు. మొదట పదిమంది, తర్వాత నలుగురు, కొన్నిసార్లు ఎవరూ లేరు. చూడని వస్తువు గురించి ఎవరు మాత్రం ఎంతసేపు అడుగుతారు? అటువైపు పోతూ ఆయనను చూసినప్పుడల్లా, ఆ కాగితంలో ఇంకా ఎన్ని సందులున్నాయో నాకు కనబడేవి. ఎవరితోనూ అనలేదు. నా చదువంతటిలో నేను కష్టపడి నేర్చుకున్న మౌనం అదొక్కటే.

మొన్న హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే, రసాల గంపల పక్కన కూర్చున్న రత్తమ్మ పిలిచింది.

"మీకు తెలవదా బాబూ? మన తాత పోయాడు."

నా నోట వచ్చిన మొదటి మాటగా, మూడేళ్ళు ఆలస్యంగా, చెప్పేశాను. ఆ రోజు తలుపు మూయించింది ఆమె చెయ్యి కాదని, నేనని.

రత్తమ్మ గంప మీద గడ్డి సర్దుతూ, నన్ను చూడకుండా అంది. "తెలుసు బాబూ. తర్వాతి వారమే తాత చెప్పాడు. ఆ బాబుని ఏమీ అనొద్దు, మంచికే మాట్లాడాడు, చిన్నోడు అన్నాడు. అందుకే అన్లేదు. లేకపోతే మా నోళ్ళు మీకు తెలవనియ్యా?" తర్వాత ఒక కాయ ఏరి, తొడిమ వైపు తుడిచి, నా చేతిలో పెట్టింది. "కాగితం ఇంకా అట్టాగే ఉందంటగా. కొత్తగా వచ్చినాయన అయిదుకల్లా గేటు కూడా వేస్తన్నాడంట."

నేను నూజివీడు వెళ్ళి చూశాను. కాగితం పసుపెక్కింది, అంచులు లేచాయి. కాని ఉంది.

అందుచేత ఈ రాత చదివినవారిని ఒకటి కోరుతున్నాను. ఆయనకు సంతాపసభ వద్దు, ఫోటోకు దండ వద్దు. మన మామిడి తోటల చుట్టుపక్కల ఊళ్ళవారు, పదిహేను పైసల పోస్టుకార్డు ఒకటి కొని, ఆ మ్యూజియం చిరునామాకు, ఆఫీసరు గారి పేర రాయండి. వాదించకండి, నిబంధనలు ఎత్తిచూపకండి, ఆ పని నేను చేశాను, ఫలితం తలుపు మీద ఉంది. మీరు పగలు ఏ పనిలో ఉంటారో రాయండి, గురువారం ఏడింటికి వస్తామని రాయండి, లోపల ఏం చూడాలని ఉందో రాయండి. మీ పక్కింట్లో రాయడం రానివాళ్ళుంటే వాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. దయచేసి దాన్ని దిద్దకండి.